పెద్దమనిషి పేరిట ఒక జిల్లా

శంషాబాద్ విమానాశ్రయం నుంచి నగరానికి వచ్చే దారిలో ప్రభుత్వ కార్యాలయాల గోడల మీద, దుకాణాల బోర్డుల మీద రంగారెడ్డి జిల్లా అన్న మాట కనిపిస్తూనే ఉంటుంది. జిల్లాలకు ఎక్కువగా ఊళ్ల పేర్లే ఉంటాయి గనుక రంగారెడ్డి ఒక మనిషి పేరన్న సంగతి కొత్త తరానికి తట్టదు. కొన్నేళ్ల కిందట నా తరగతిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న నన్ను ఆ మనిషి దగ్గరికి తీసుకువెళ్లింది. ఆమెది విమానాశ్రయం పక్క పల్లె. తాత ఒక పట్టాదారు ఇంట్లో ఏళ్ల తరబడి జీతమున్నాడు. నాయనమ్మ అదే పొలాల్లో కైకిలి చేసింది. తన ఊరి భూములు చేతులు మారిన తీరు మీద ప్రాజెక్టు రాయడానికి పాత పహాణీల నకళ్లు సంపాదించి తెచ్చింది. ఎన్ని పుటలు తిరగేసినా తమ ఇంటిపేరు కనిపించలేదని చెప్పింది. జిల్లాకు పేరున్న ఈ రంగారెడ్డి ఎవరు సార్, మావాళ్లకు ఆయన ఏమైనా చేశారా అని అడిగింది.

నేను పాఠ్యపుస్తకంలోని జవాబు చెప్పాను. స్వాతంత్ర్య సమరయోధులు, ఉపముఖ్యమంత్రిగా పనిచేశారు అన్నాను. ఆమె రాసుకుంది. కానీ ఆమె అడిగింది అది కాదు. ఆ ప్రశ్న నాకు ఎన్నడూ ఎందుకు తోచలేదా అని ఆలోచిస్తే కారణం తేలిగ్గానే దొరికింది. మా ఊరి పహాణీలో మా నాన్న పేరు ఉంది. కొద్దిపాటి ఎకరాలే కావచ్చు, పట్టా మాత్రం మాదే. పేరున్న ఇంట్లో పుట్టినవాడికి పేరు లేకపోవడం ఒక ప్రశ్నగా కనిపించదు. ఆమెకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు చెప్పే ప్రయత్నం ఇది.

కొండా వెంకట రంగారెడ్డి 1890 డిసెంబరు 12న నేటి మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారంలో, భూమి కలిగిన రెడ్డి కుటుంబంలో పుట్టారు. ఆయన పుట్టేనాటికి నగరం చుట్టూ ఉన్న పల్లెల మీద అధికారం అంతస్తులుగా ఉండేది. పైన నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్, అమీరుల పైగాలు, జాగీర్లు. శంషాబాద్ అన్న పేరే పైగా అమీరుల బిరుదైన షంసుల్ ఉమ్రా నుంచి వచ్చిందని చెబుతారు. వారి కింద శిస్తు వసూలు హక్కుల నుంచి భూయాజమాన్యంలోకి ఎదిగిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు. ఆ కింద ఊరి మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ, పెద్ద పట్టాదారులు. అట్టడుగున కౌలుదారు, జీతగాడు, వెట్టి చేసే మాల మాదిగ కుటుంబాలు, చేతివృత్తులవారు. రంగారెడ్డి గారు వచ్చింది ఈ మధ్య అంతస్తు నుంచి. నవాబు ముందు చేతులు కట్టుకోవలసినవారూ, ఊళ్లో తమ ముందు పదిమంది చేతులు కట్టుకొని నిలబడగా చూసినవారూ వీరే. ఈ వర్గం రాజకీయాల్లోని ధైర్యానికీ హద్దుకీ మూలం ఆ రెండంచుల స్థితిలోనే ఉంది.

కోర్టుల భాష ఉర్దూ అయిన కాలంలో ఆయన ఉర్దూలో చదువుకొని వకీలు అయ్యారు. ఆ తరం భూవంతుల పిల్లలకు వకీలు వృత్తి కేవలం సంపాదన మార్గం కాదు. హక్కు, దస్తావేజు, సరిహద్దు, వారసత్వం అన్నవాటిని రాజ్యం ఏ భాషలో మాట్లాడుతుందో ఆ భాష చేతికి వచ్చేది. పొలం గట్టు మీద ఉన్న పెత్తనానికి కచేరీలో పలుకుబడి తోడయ్యేది. అదే కాలంలో ఈ వర్గం తన పిల్లల కోసం నగరంలో నెలవులు కట్టుకుంది. తర్వాత నగర కొత్వాలు అయిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ ఏర్పడింది. సురవరం ప్రతాపరెడ్డి దాని బాధ్యతలు చూశారు. రావి నారాయణరెడ్డి అందులో ఉండి చదువుకున్నారు. పల్లెల్లో చెదురుమదురుగా ఉన్న పట్టాదారు కుటుంబాలు ఒక వర్గంగా పరస్పరం పరిచయమైంది ఇలాంటి చోట్లే. చదువు, పత్రిక, గ్రంథాలయం, సభ అన్నీ ఆ పరిచయాల మీద లేచాయి. రంగారెడ్డి గారు కూడా తెలుగు చదువుల కోసం, ఆంధ్ర విద్యాలయం వంటి సంస్థల కోసం పాటుపడ్డారు. తెలుగుకు గౌరవం లేని రాజ్యంలో అది చిన్న పని కాదు.

అదే నగరంలో మరొక ప్రయత్నం కూడా జరుగుతున్నదని మరిచిపోరాదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, ఆదిహిందువుల పేరుతో పాఠశాలలు, సభలు నడిపారు. ఆయన రంగారెడ్డి గారికి దాదాపు సమవయస్కులు. ఇద్దరూ ఒకే నగరంలో, ఒకే నిజాం పాలనలో, ఒకే తెలుగు భాషలో ప్రజాజీవితం గడిపారు. అయితే ఒకరి వెనుక హాస్టలుకు చందా ఇవ్వగల వందలాది పట్టాదారు ఇళ్లున్నాయి. మరొకరి వెనుక ఉన్నవారికి ఊరి బావి నీళ్లు కూడా హక్కుగా లేవు. రాష్ట్రం ఏర్పడినప్పుడు అధికారంలోకి నడిచివెళ్లిన దారి వీటిలో ఏదో మనకు తెలుసు.

నిజాం రాష్ట్రంలో తెలుగువారి గొంతుగా నిలిచిన సంస్థ ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో మొదలైన దాని వార్షిక సభల్లో ఐదవది 1936లో షాద్‌నగర్‌లో జరిగింది. శంషాబాద్ మీదుగా దక్షిణానికి పోయే అదే రహదారి మీది ఊరు అది. అధ్యక్షులు కొండా వెంకట రంగారెడ్డి. ఆ సభలు మాతృభాషలో చదువు అడిగాయి, గ్రంథాలయాలు అడిగాయి, పన్నుల భారం గురించి, వెట్టి గురించి తీర్మానాలు చేశాయి. నిఘా నీడలో, అనుమతులు అడుక్కుంటూ ఇవన్నీ చేయడానికి గుండె నిబ్బరం కావాలి. ఆ తొలి తరం పెద్దలను నేటి కొలతలతో కొట్టిపారేయడం న్యాయం కాదు.

కానీ వెట్టికి వ్యతిరేకంగా తీర్మానం చేయడం ఒక ఎత్తు, వెట్టి ఎవరి వాకిట్లో జరుగుతున్నదో చెప్పడం మరొక ఎత్తు. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులైనప్పటి నుంచి ఈ రెండో ప్రశ్న సభలోకి వచ్చింది. 1943లో హైదరాబాదులో జరిగిన సభ అధ్యక్ష పదవికి కమ్యూనిస్టుల తరఫున బద్దం ఎల్లారెడ్డి, మితవాదుల తరఫున రంగారెడ్డి గారు నిలిచారు. రంగారెడ్డి గారు గెలిచారు. మరుసటి ఏడు భువనగిరిలో మళ్లీ రావి నారాయణరెడ్డి అధ్యక్షులైనప్పుడు మితవాదులు వేరుపడ్డారు. ఇరుపక్షాల ముందు వరుసలో ఉన్నవారి పేర్లు చూడండి. రెండు వైపులా రెడ్లే. భూవంతుల వర్గం తనలో తానే చీలింది. ఒక పాయ తన భూమిని, తన కులాన్ని దాటి కూలీలను, కౌలుదారులను కలుపుకొని సంఘం కట్టింది. మరొక పాయ నిజాంతో పోరును భూమి తగాదా నుంచి వేరుగా ఉంచాలని కోరుకుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత ఆ వేరు చేయడం ఇక సాధ్యం కాలేదు. గొర్రెలు కాచుకునే కురుమ కుటుంబం నుంచి వచ్చిన మనిషి ప్రాణం తీసింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటా.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1949లో సర్ఫెఖాస్ దివానీలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. పై అంతస్తు కూలింది. దాని వల్ల అందరికంటే ముందు ఊపిరి పీల్చుకున్నది వెంటనే కింద ఉన్న పట్టాదారు పెద్దలే. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఏర్పడిన మంత్రివర్గంలో రంగారెడ్డి గారు మంత్రి. కాంగ్రెసులో స్వామి రామానంద తీర్థ వర్గానికి ఎదురుగా బూర్గుల వర్గంలో ఆయన ముఖ్యులు. అప్పటికి 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం అమల్లో ఉంది. దున్నేవాడిని రక్షిత కౌలుదారుగా గుర్తించి, తొలగింపు నుంచి కాపాడి, క్రమంగా యజమానిని చేయగల చట్టమది. ఆ రోజుల్లో దేశంలో మేలైన కౌలు చట్టాల్లో ఒకటిగా దానికి పేరుంది.

చట్టం ఏమైందో ఉస్మానియా ఆర్థికశాస్త్ర ఆచార్యులు ఎ.ఎం. ఖుస్రో ఊరూరా లెక్క తీసి 1958లో ప్రచురించారు. 1951లో రక్షిత కౌలుదారులుగా నమోదైన ప్రతి వందమందిలో నాలుగేళ్లు గడిచేసరికి ఆ హోదాలో మిగిలింది సుమారు 45 మంది. భూమి కొనుక్కొని యజమానులైనవారు సుమారు 12 మంది. చట్టప్రకారం తొలగించబడినవారు ముగ్గురు కూడా లేరు. చట్టవిరుద్ధంగా తొలగించబడినవారు సుమారు 22 మంది. తమంతట తామే వదులుకున్నట్టు కాగితం మీద చూపబడినవారు 17 మందికి పైగా. ఈ చివరి లెక్క దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. దున్నుకునే భూమిని ఎవరు తమంతట తాము వదులుకుంటారు? ఊరి పెద్ద పిలిచి, పట్వారీ కాగితం చదివి, ఇక్కడ వేలు పెట్టు అంటే పెట్టినవారే వారంతా. ఆ మంత్రివర్గంలోని ఏ ఒక్కరో కూర్చొని ఈ తొలగింపులకు ఆజ్ఞలిచ్చారని నేను అనడం లేదు. ఆజ్ఞ అవసరమే లేదు. చట్టం అమలు చేయవలసిన గ్రామాధికారి, చట్టం నుంచి తప్పించుకోవలసిన పట్టాదారు ఒకే అరుగు మీద కూర్చునేవారు. పటేల్, పట్వారీ వంశపారంపర్య పదవులు 1984 దాకా పోలేదు.

ఇక 1956. విశాలాంధ్రను గట్టిగా వ్యతిరేకించిన తెలంగాణ నాయకుల్లో రంగారెడ్డి గారు, మర్రి చెన్నారెడ్డి ముందున్నారు. వారిది మేనమామ మేనల్లుళ్ల బంధుత్వం. విలీనం తప్పదని తేలాక షరతుల కోసం ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో ఒప్పందం కుదిరింది. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ తరఫున బూర్గుల, రంగారెడ్డి గారు, చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. దానికి పెద్దమనుషుల ఒప్పందం అని పేరు వచ్చింది. ఇంగ్లీషు పేరుకు తెలుగు చేసినప్పుడు ఎవరూ ఉద్దేశించకపోయినా ఆ తెలుగు మాట అసలు సంగతి చెప్పేసింది. మన ఊళ్లలో పెద్దమనిషి అంటే మర్యాదస్థుడు మాత్రమే కాదు. తగువు తీర్చేవాడు, ఇతరుల తరఫున మాట ఇచ్చేవాడు, ఆ ఇతరులను అడగకుండానే మాట ఇవ్వగలవాడు. పెద్దరికానికి అర్హత కులం, భూమి. ఆ ఎనిమిదిమందిలో నలుగురు రెడ్లు, ఒక బ్రాహ్మణుడు, ఒక వెలమ, ఒక క్షత్రియుడు. కల్లుగీత కులం నుంచి వచ్చిన లచ్చన్న ఒక్కరే వేరు. దళితుడు లేడు, ఆదివాసి లేడు, స్త్రీ లేదు. తెలంగాణ మంత్రుల్లో ఒకరు ముస్లిం ఉండాలని రాసిన బల్ల దగ్గర ముస్లిం కూడా లేడు.

ఆ ఒప్పందంలో వ్యవసాయ భూముల అమ్మకం మీద ఒక అంశం ఉంది. తెలంగాణ ప్రాంతంలోని సేద్యపు భూముల విక్రయాలు ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలన్నది దాని సారం. ధనం, ఆధునిక సేద్యపు అనుభవం ఉన్న కోస్తా రైతులు వచ్చి చౌకగా భూములు కొనేస్తారన్న భయం అప్పట్లో నిజమైనదే. రంగారెడ్డి గారు ఆ రక్షణ కోసం పట్టుబట్టడంలో ముందుచూపు ఉంది. అయితే ఆ రక్షణ ఎవరికి? అమ్ముకోవడానికి భూమి ఉన్నవాడికి, అమ్మకుండా ఆపబడవలసిన అవసరం ఉన్నవాడికి. నాలుగేళ్లలో వందకు నలభైమంది రక్షిత కౌలుదారులు ఊళ్లోవారి చేతిలోనే భూమి పోగొట్టుకున్న కాలమది. భూమి బయటివారి పాలు కాకూడదని పెద్దలు రాసుకున్నారు. లోపల ఎవరి పాలైందన్నది ఒప్పందంలోకి రాలేదు. ఈ వర్గపు రాజకీయం మొత్తం మీద నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. సంజీవరెడ్డి ఆ పదవిని చేతికి ఆరో వేలుతో పోల్చి పక్కన పెట్టారు. దాన్ని తిరిగి నిలబెట్టింది 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య. కర్నూలు జిల్లా పెద్దపాడులో పేద మాల కుటుంబంలో పుట్టి, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయిన మనిషి. ఆయనకు అప్పుడు 38 ఏళ్లు. ఆయన మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి అయిన రంగారెడ్డి గారికి 69 ఏళ్లు. పెద్దమనుషులు తమలో తాము ఇచ్చుకొని తప్పిన మాటను, ఆ బల్ల దగ్గర చోటే దొరకని కులం నుంచి వచ్చిన వ్యక్తి నిలబెట్టారు. వయసులో కొడుకు వంటి దళిత ముఖ్యమంత్రి కింద రంగారెడ్డి గారు రెండేళ్లకు పైగా పనిచేయడం కూడా గుర్తించవలసిన విషయమే. కులగర్వం మాత్రమే నడిపించిన మనిషి అయితే ఆ పని చేయలేడు.

ఆ ప్రభుత్వ కాలంలోనే 1961లో భూపరిమితి చట్టం వచ్చింది. అయితే చట్టం ఏ శాసనసభలో తయారవుతుందో ఆ సభ స్వభావం దానిలో కనిపిస్తుంది. భూమి తరగతిని బట్టి పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా పెట్టారు. అంత పరిమితికి మించి చూపించిన భూమి ఎంత తక్కువగా ఉంటుందో ఊహించవచ్చు. 1973లో మరింత బిగువైన చట్టం తెచ్చేనాటికి భూములు అన్నదమ్ముల పేర, బంధువుల పేర పంపకమై కాగితం మీద చిన్నవైపోయాయి. ముఖ్యమంత్రి కులం మారింది గానీ శాసనసభలో కూర్చున్న వర్గం మారలేదు. 1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

1969లో తెలంగాణ మళ్లీ లేచినప్పుడు రంగారెడ్డి గారు వృద్ధాప్యంలోనూ ప్రత్యేక రాష్ట్రం పక్షమే నిలిచారు. 1956లో తాను చెప్పిన భయాలు నిజమయ్యాయన్న బాధ ఆయనది. 1970 జూలై 24న కన్నుమూశారు. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాను విడదీసి కొత్త జిల్లా ఏర్పరచి ఆయన పేరు పెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి మేనల్లుడు చెన్నారెడ్డి. రంగారెడ్డి గారి కుమారుడు కొండా మాధవరెడ్డి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మనవడు కొండా విశ్వేశ్వర్ రెడ్డి శంషాబాద్ కూడా భాగమైన చేవెళ్ల లోక్‌సభ స్థానం నుంచి 2014లో ఒక పార్టీ తరఫున, 2024లో మరొక పార్టీ తరఫున గెలిచారు. వారి అర్హతలను నేను తక్కువ చేయడం లేదు. నవాబుల పాలన నుంచి నేటి దాకా రాజ్యాలు మారాయి, పార్టీలు మారాయి. భూమి, న్యాయస్థానం, చట్టసభ మధ్య ఈ వర్గం నడిచే దారి మాత్రం మూసుకుపోలేదు. 2016లో జిల్లాల పునర్విభజన ముసాయిదాలో శంషాబాద్ జిల్లా అన్న ప్రతిపాదన వచ్చినా చివరికి రంగారెడ్డి పేరే నిలిచింది.

ఇప్పుడు విమానాశ్రయం దగ్గరికి వద్దాం. 2008 మార్చిలో ప్రారంభమైన ఆ విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాల్లో ఉంది. తర్వాత 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి వచ్చింది. జొన్న, వరి పండిన చెలకలకు, పొలాలకు ఎకరానికి కోట్లు పలికే కాలం వచ్చింది. భూసేకరణ ప్రాతిపదిక 1894 నాటి చట్టం. దానికి తెలిసింది భూమి మీద హక్కు ఉన్నవాడే. పట్టా ఉన్నవాడికి పరిహారం, పరిహారం చాలకపోతే కోర్టుకు పోయే దారి. కైకిలి చేసినవారికి కాగితం లేదు గనుక వారు పోగొట్టుకున్నట్టే లెక్క కాదు. ఇందిరమ్మ కాలంలోనో ఆ తర్వాతో లావణి పట్టా పొందిన దళితుల సంగతి మధ్యస్థం. అసైన్డ్ భూమిని అమ్మడానికి 1977 చట్టం ఒప్పదు. ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే ఇచ్చినంత పుచ్చుకోవలసి వచ్చేది. ఇదే చేవెళ్ల డివిజన్ నుంచి వెళ్లిన కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో తీర్పు చెబుతూ, అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలన్నది. ఆ సమానత్వం ఏ పెద్దమనిషి ఒప్పందంలోనూ రాలేదు. పేరు లేని కుటుంబాలు కోర్టు మెట్లెక్కి సాధించుకున్నాయి.

ఆ విద్యార్థిని ప్రాజెక్టు పూర్తి చేసింది. పహాణీల్లో పేర్లు లేనిచోట ముసలివారిని అడిగి, ఏ చెలక ఎవరు దున్నారో, ఏ బావి ఎవరు తవ్వారో రాసింది. ఆమె ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది. రంగారెడ్డి గారు నిజాయితీగల మనిషి. నిరంకుశత్వాన్ని ఎదిరించారు, తన భాషకు చోటు అడిగారు, తన ప్రాంతానికి జరగబోయే అన్యాయాన్ని ముందే చెప్పారు. మీ తాత గురించి ఆయన చెడుగా తలచి ఉండరు. మీ తాత తరఫున తాను మాట్లాడుతున్నాననే నమ్మి ఉంటారు. చిక్కు ఆ నమ్మకంలోనే ఉంది. మంచి పెద్దమనిషి దొరికితే చాలుననుకున్న ప్రతిసారీ భూమి పట్టాదారు దగ్గరే ఆగిపోయింది.

విమానాశ్రయం చుట్టూ ఇంకా భూములు తీసుకోవలసిన పథకాలు వస్తూనే ఉంటాయి. అప్పుడు కౌలుదారు పేరు, కూలి పేరు, అసైనీ పేరు సర్వే మొదటి రోజునే కాగితంలోకి ఎక్కాలి. మాట ఇచ్చే బల్ల దగ్గర వారే కూర్చోవాలి. జిల్లా పేరు మార్చమని నేను అడగను. ఆ పేరున్న జిల్లా దస్త్రాల్లో ఆ అమ్మాయి ఇంటిపేరు కూడా ఉండాలని అడుగుతున్నాను.